యాదగిరి పాట, గద్దరు గొంతు

నేటి జనగామ జిల్లాలోని విసునూరు, కడవెండి, పాలకుర్తి గ్రామముల పేర్లు వినినంతనే తెలంగాణపు పెద్దలకు గడీయు, వెట్టిచాకిరియు, వానిపై లేచిన పేదరైతుల సంఘమును జ్ఞప్తికి వచ్చును. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి అధీనమున నలుబదివేల యెకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ పోరాటచరిత్రలో వ్రాసియున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలునకు దున్నిన చేని పంటను దొర మనుషులకు దక్కనీయక సంఘము అండతో ఇల్లు చేర్చుకొనెను. 1946 జులై 4వ తేదీన కడవెండిలో ఊరేగింపుగా సాగుచున్న జనముపై దేశముఖు మనుషులు తుపాకులు ప్రేల్చగా దొడ్డి కొమురయ్య నేలకొరగెను.

అక్షరము నేర్వని కూలివాని చెవికి ఆ వార్తను చేర్చినది పాటయే. ఉయ్యాలపాట, కోలాటపాట, బుఱ్ఱకథ, గొల్లసుద్దులు, అంతవఱకు దేవతలను, వీరులను, కాపురపు సుఖదుఃఖములను పాడిన వరుసలన్నియు అప్పుడు దొరను, నైజామును నిలదీయ సాగెను. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటమునకు మలచినట్లే, బండి యాదగిరి జానపదపు వరుసలోనే ‘బండెనక బండి కట్టి’ అను గేయమును కట్టెను. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు ప్రవేశించిన పిదప సంఘపు సాయుధదళములు గోదావరి యడవులకు, అనగా నేటి మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల వైపునకు తరలిపోగా, పాటలును వారి వెంట నడచెను. 1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడెను. పాటలు మాత్రము పాడినవారి నోళ్లలోను, విన్నవారి జ్ఞాపకములోను మిగిలినవి.

ఇరువదియెనిమిదేండ్లకు, 1979లో, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున ‘మా భూమి’ చలనచిత్రము వెలువడెను. సుంకర, వాసిరెడ్డిగార్ల నాటకమునకును ఇదే పేరు గలదు గాని, చిత్రమునకు ఆధారము కిషన్ చందర్ ఉర్దూ నవల. బి. నరసింగరావు, రవీంద్రనాథ్ నిర్మాతలు. సంగీతపు బాధ్యతలో వింజమూరి సీతగారు పాల్గొనుట మిక్కిలి సముచితమైన విషయము; ఏలయనగా, సోదరి అనసూయతో గూడి పల్లెపాటలను సేకరించి, రేడియోకును గ్రామఫోనుకును ఎక్కించిన అనుభవము ఆమెది.

ఆ చిత్రమున యాదగిరి గేయమును పాడినవాడు గద్దరు. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్ రావు, జననాట్యమండలిలో చేరి పల్లెపల్లె తిరిగి పాడుచున్న కాలమది. తెరపై అతడు భుజమున గొంగడి, చేత కఱ్ఱతో నిలిచి గొంతెత్తును. ఆ పాట కట్టుబడిని కొంచెము నిదానించి చూడవలెను. అది నైజాము సర్కారును గూర్చి చెప్పు పాట కాదు, సర్కారునే ఎదుట నిలువబెట్టి నీవని పిలిచి అడుగు పాట. ఏడుతరములుగా దొర యెదుట తలవంచి, చెప్పులు చేతబట్టి నడచిన మనిషి, పాలకుని ఏకవచనముతో పిలుచుటయే ఆనాడు పెద్ద తిరుగుబాటు. మఱియు నందు ఊళ్ల పేర్లు వచ్చును. సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోలకొండ ఒకదాని వెంట నొకటి దొరలి, వినువాని మనస్సున తెలంగాణపు పటము గీయబడును. గద్దరు చరణాంతమున గొంతును దీర్ఘముగా సాగదీసి విడుచును. గుంపు దానిని అందుకొనును. పక్కవాద్యముల ఆర్భాటము చేర్చక, పాటను గొంతుకకే విడిచిపెట్టుట ఆ చిత్రము చేసిన గొప్ప మేలని నా నమ్మకము. పాతపాటను పునరుద్ధరింపబోయి దాని మొఱకుదనమును నునుపు చేయువారు నేడును గలరు. వారు ఈ ఘట్టమును పలుమార్లు వినవలెను.

చిత్రము పుణ్యమా యని ఆ గేయము రెండవ జన్మమెత్తెను. ప్రత్యేక తెలంగాణోద్యమ కాలమున ధూంధాం వేదికలపై, విద్యార్థుల ఊరేగింపులలో, నైజామును చూచి యెఱుగని మనుమల తరము దానిని పాడెను. గద్దరు 2023 ఆగస్టు 6న కన్నుమూసెను. రాష్ట్రప్రభుత్వము చలనచిత్ర పురస్కారములకు అతని పేరు పెట్టినది.

కాని ఈ రెండవ జన్మమున ఒక అన్యాయము జరిగినది. పాటను ఎఱిగిన వేలాదిమంది దానిని గద్దరు పాట యందురే గాని, కట్టినవాని పేరు ఎఱుగరు. ఇది గద్దరు దోషము కాదు; గొంతు ధ్వనిముద్రణలో నిలుచును, కట్టినవాని పేరు ప్రక్కనుండి ఎవరో చెప్పిననే నిలుచును. జనగామ, మహబూబాబాదు పల్లెలలో సంఘపు పాటలు విన్న వృద్ధులు ఇంకను అక్కడక్కడ ఉన్నారు. చేతిలో ఫోనున్న ప్రతి యువకుడును వారి చెంత కూర్చుండి ఆ పాటలను పట్టవలెను. పట్టునపుడు ఎవరు కట్టినది, ఏ యూరిలో పాడినది అనునదియు వారి నోటనే పలికింపవలెను. వేదికపై యాదగిరి గేయమును ఎత్తుకొను గాయకులారా, పల్లవికి ముందు ఆయన పేరు చెప్పుడు.