పోలీసు ఉద్యోగి కులసంఘంలో చేరవచ్చునా?

కానిస్టేబులుగా పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవుపై కోవిల్‌పట్టికి వచ్చినప్పుడు నన్ను చూడవచ్చినాడు. వారి కులసంఘం వార్షికోత్సవ ఆహ్వానపత్రికలో పోషకుల వరుసలో అతని పేరు వేయుదుమని పెద్దలు పట్టుబట్టుచున్నారట. "సార్, వేయనీయవచ్చునా? కాదంటే ఇంట్లో ముఖం చూపలేను" అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకగా తెలిసిన సంగతులను ఇక్కడ పాఠకుల ముందుంచుచున్నాను.

సంఘములు స్థాపించుకొను హక్కు రాజ్యాంగపు 19వ అధికరణం పౌరులందరికి ఇచ్చినది. అయితే సైన్యమునకు, శాంతిభద్రతలు కాపాడు బలగములకు ఆ హక్కును పరిమితం చేయు అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చినది. ఆ అధికారంతోనే 1966లో పోలీసు బలగముల హక్కుల పరిమితి చట్టం వచ్చినది. దాని ప్రకారం పోలీసు ఉద్యోగి అనుమతి లేక కార్మిక సంఘంలో గాని, రాజకీయ సంఘంలో గాని చేరరాదు. ఇతర సంఘములలో తన బలగంలో భాగంగా గుర్తింపు పొందినవి, కేవలం సాంఘిక, వినోద, మత సంబంధమైనవి మాత్రమే అతనికి అనుమతింపబడినవి. రాజకీయ ప్రయోజనం కొరకు జరుగు సభలో పాల్గొనుట, ప్రసంగించుట కూడ నిషిద్ధం. ఉల్లంఘిస్తే రెండేండ్ల వరకు జైలు, లేదా రెండువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును.

చిక్కు అంతయు "కేవలం సాంఘిక" అన్న మాటలోనే ఉన్నది. పేదపిల్లలకు పుస్తకములిచ్చి, పెండ్లిండ్లకు సాయపడు సంఘములు మన నాయుళ్లలో, రెడ్లలో, రాజకంబళ నాయకర్లలో, అరుంధతీయులలో ఎన్నో ఉన్నవి. వాటిని ద్వేషసంఘములనుట అన్యాయం. కాని అదే వేదికపై ఒకడు లేచి పక్కవీధివారిని శత్రువులుగా చూపిన నాడు అది ఇంకను కేవలం సాంఘికమేనా? అట్టి సందేహం వస్తే కేంద్ర ప్రభుత్వ నిర్ణయమే తుది అని చట్టం చెప్పుచున్నది. ఢిల్లీ దాకా పోవు కానిస్టేబులు ఎవడు? మన చట్టంలో "ద్వేషసంఘం" అన్న నిర్వచనమే లేదు. నిషేధింపబడిన సంస్థలో సభ్యత్వం పోలీసునకే కాదు, ఎవరికైనను నేరమే. వర్గముల నడుమ వైరం రెచ్చగొట్టుటయు అంతే. ఈ రెండింటికి నడుమనున్న విశాలమైన నేలపై పెద్దగా కంచె లేదు.

ఇతర దేశములలో కొన్నిచోట్ల పేరు పెట్టియే నిషేధించినారు. బ్రిటన్‌లో 2004 నుండి బ్రిటిష్ నేషనల్ పార్టీలో పోలీసులు చేరరాదు. 2008లో ఆ పార్టీ సభ్యుల జాబితా బయటపడగా, అందులో పేరున్న ఒక అధికారి మరుసటి సంవత్సరం ఉద్యోగం కోల్పోయినాడు. అమెరికాలోని నెబ్రాస్కాలో కూ క్లక్స్ క్లాన్‌తో సంబంధమున్న ఒక పోలీసును 2006లో తొలగించగా, మధ్యవర్తి తిరిగి చేర్చుకొమ్మన్నాడు. 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు మధ్యవర్తి తీర్పును కొట్టివేసినది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఎందుకు బరువైనదో పెద్దవారికి చెప్పనక్కరలేదు. 1995 ఆగస్టు 31న తూత్తుకుడి జిల్లాలోని కొడియంకుళం అను దళిత గ్రామంపై వందలాది పోలీసులు విరుచుకుపడి ఇండ్లను ధ్వంసం చేసినారు. 1997లో విరుదునగర్ జిల్లా రవాణా సంస్థకు వీరన్ సుందరలింగం పేరు పెట్టగా అల్లర్లు చెలరేగి, తుదకు ప్రభుత్వం రాష్ట్రంలోని జిల్లాలన్నిటినుండి, రవాణా సంస్థలన్నిటినుండి నాయకుల పేర్లు తీసివేసినది. బస్సు మీది పేరుకే ఇంత జరిగిన చోట, స్టేషనులో కూర్చున్నవాడు ఎవరివాడన్న అనుమానం ఫిర్యాదు చేయవచ్చినవానిని గడప వద్దనే ఆపివేయగలదు. పక్షపాతమునకు సభ్యత్వపు చీటి అక్కరలేదన్నది నిజమే. అందుకే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోని 4వ సెక్షను, ఆ వర్గములకు చెందని ప్రభుత్వోద్యోగి బుద్ధిపూర్వకంగా విధిని విస్మరిస్తే ఆరు నెలల నుండి ఒక సంవత్సరం వరకు జైలు విధించుచున్నది. 2015 సవరణ ఆ విధులను విడమరచి చెప్పినది. ఫిర్యాదును వ్రాసుకొని, సంతకమునకు ముందు చదివి వినిపించుట వాటిలో ఒకటి.

యూనిఫాం లేనివారి మాట వేరు. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో నిర్బంధింపబడిన జయరాజ్, బెన్నిక్స్ అను తండ్రీకొడుకులను మన కోవిల్‌పట్టి ఉపకారాగారమునకే తెచ్చినారు. 22, 23 తేదీలలో వారు మరణించినారు. ఆ రాత్రి స్టేషనులో "ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్" స్వచ్ఛంద సభ్యులు కూడ ఉన్నారని ఆరోపణ రాగా, జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ వ్యవస్థను నిషేధించినది. 1966 చట్టం పోలీసు బలగ సభ్యులనే కట్టివేయును గాని, పక్కన లాఠీ పట్టుకొని నిలిచినవానిని కాదు.

పోలీసులను మాత్రమే అనుట ఉపాధ్యాయునికి తగదు. మణికట్టునకు రంగుల దారములు కట్టుకొని తరగతికి వచ్చు పిల్లలను మేము రోజూ చూచుచున్నాము. 2023లో నాంగునేరి ఘటన తరువాత నియమింపబడిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో ఆ దారములను నిషేధింపుమన్నది. ప్రాంతంలో బలమైన కులమునకు చెందినవారిని అక్కడి ఉన్నత విద్యాధికారులుగా నియమింపరాదని కూడ సూచించినది. స్టేషనులకు సైతం ఇట్టి నియమం తగునని నా అభిప్రాయం.

నా విద్యార్థితో, చందా పుస్తకంలో పేరుండుట వేరు, వేదికపై పేరుండుట వేరని చెప్పి, పై అధికారికి వ్రాతపూర్వకంగా తెలిపి అనుమతి అడుగుమన్నాను. అతడు అడుగలేదు. పత్రిక అతని పేరు లేకుండనే అచ్చైనది. పోషకుల వరుసలో వాళ్ల నాన్నగారి పేరున్నది.