సుడి: శబ్దార్థవిచారము

నీరు గుండ్రముగాఁ దిరుగుటకుఁ దెలుఁగున సుడి యని పేరు. మల్కాజిగిరి చెంతనున్న ఉప్పల్, నాచారములు నేఁడు నగరభాగములు. అయినను ఉప్పల్ నల్లచెరువు పేరు పూర్వపు సేద్యమును స్మరింపఁజేయుచున్నది. చెరువుతూము తెఱచినపుడు నీరు పైని గుంటవడి తిరుగును, అది సుడి. ఉప్పలునకు దక్షిణముగాఁ బాఱు మూసీయందు వడిగల ప్రవాహము నిలుకడనీటి నొరయుచోటఁ బుట్టునదియు సుడియే.

సంస్కృతమున దీనిని ఆవర్త మందురు. వృతుధాతువునకు ఆఙుపసర్గమును, ఘఞ్ ప్రత్యయమును జేరఁగా నీరూపము సిద్ధించును. మఱి సుడికి ధాతు వేది? సంస్కృతవ్యాకరణ మభ్యసించిన మావంటివారికిఁ బ్రతిపదమును పాణినీయమున వెదకు నలవాటు గలదు. ఇచట నది పనికిరాదు.

సోదరభాషలఁ జూడుఁడు. తమిళమునను మలయాళమునను చుఴి, ప్రాచీనకన్నడమున సుఴి, నేఁటి కన్నడమున సుళి. తమిళ ఴకారమునకుఁ దెలుఁగున డకారము వచ్చుట పెక్కుచోట్లఁ గానవచ్చును: ఏఴు - ఏడు, కోఴి - కోడి, నిఴల్ - నీడ. ప్రాచీనాంధ్రశాసనములందు ఴకారమునకుఁ బ్రత్యేకలిపియే కలదు. నన్నయనాఁటికి నది లోపించినది. సంవత్సరవాచకమగు ఏఁడునకుఁ దమిళమున ఆండు సరియగును. కావున దాని కరసున్న కలదు. సంఖ్యావాచకమగు ఏడునకు లేదు. రెండు డకారముల పుట్టుకలు వేఱు.

చుట్టునుండి సుడి పుట్టినదన రాదా యని శంక. తమిళమున చుట్టునకు చుఱ్ఱు సరియగును. పుఱ్ఱు - పుట్ట యనునదియు నిట్టిదే. చుఴి, చుఱ్ఱులయందలి వర్ణములు భిన్నములు గాన, అర్థసామ్యమాత్రమున నొకదానినుండి వేఱొకటి వచ్చినదని నిశ్చయింపఁజనదు.

తలసుడి, గుఱ్ఱపుసుడి, సుడిగాలి యనునవి భ్రమణరూపసామ్యముచేఁ గలిగినవి. సుడిగుండమునందలి గుండము మాత్రము సంస్కృత కుండశబ్దవికృతి. అదృష్టవంతుని "సుడి యున్నవాఁ" డనుట, శరీరమందలి సుడులను శుభాశుభసూచకములుగా నెంచుటనుండి వచ్చినట్లు తోఁచుచున్నది.

తెలుఁగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిసుదొర, కాంబెల్ వ్యాకరణమునకుఁ గూర్చిన వ్రాఁతలో నిరూపించెను. అయినను దేశ్యపదముల కెట్లో యొక సంస్కృతధాతువు నంటఁగట్టువారు నేఁటికిని గలరు. అట్లు చేసినచో సుడికి గౌరవము హెచ్చదు. ఏడు, కోడి, నీడలతో దానికిఁ గల చుట్టఱికము మాత్రము తెగిపోవును. నిఘంటుకర్త లీచుట్టఱికమును గాపాడవలయును.