డూమ్ మెటల్ అంత 'బరువు'గా ఎందుకుంటుంది? ఫోన్ స్పీకర్‌లో ఆ బరువు ఎందుకు వినిపించదు?

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర లోడ్ లారీ ఒకటి ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉందనుకోండి. పక్కన నిల్చుంటే ఆ శబ్దం చెవుల్లోనే కాదు, ఛాతీలో కూడా తెలుస్తుంది. అదే టైమ్‌లో ఓ ఆటో హారన్ కొడితే చెవులు చిల్లులు పడతాయి. కానీ హారన్‌ని మనం 'బరువైన' శబ్దం అనం. ఎందుకంటే గట్టిగా ఉండటం వేరు, బరువుగా ఉండటం వేరు. స్టోనర్ డూమ్ మెటల్ అనే మ్యూజిక్ మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది.

అసలేంటీ స్టోనర్ డూమ్?

మెటల్ అనగానే స్పీడ్ డ్రమ్స్, అరుపులు గుర్తొస్తాయి. మన హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండ్ గాడ్‌లెస్ ఆ దారిలోదే. డూమ్ మెటల్ దీనికి పూర్తిగా రివర్స్. నెమ్మదిగా, లోతుగా, ఒకే ట్యూన్‌ని మళ్లీ మళ్లీ వాయిస్తూ సాగుతుంది. అమెరికన్ బ్యాండ్ స్లీప్ చేసిన 'డోప్‌స్మోకర్'లో ఒక్క పాటే గంటకు పైగా ఉంటుంది. మన పక్కనే బెంగళూరులో బెవార్ సీ అనే బ్యాండ్ ఉంది. పేరు వింటే 'బేవార్స్' గుర్తొచ్చిందా? కరెక్టే, ఆ మాట మీద సరదాగా పెట్టుకున్న పేరే అది. వాళ్ల మొదటి ఆల్బమ్ 2012లో వచ్చింది. ఇక 'స్టోనర్' అనే మాట గంజాయి మత్తు నుంచి వచ్చింది. పాట వినడానికి మాత్రం దాంతో పనిలేదు. మన దగ్గర అది నేరం కూడా.

తెగిన వేళ్ల నుంచి పుట్టిన సౌండ్

ఈ సౌండ్‌కి మూలం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. బ్లాక్ సబాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అక్కడి మెషీన్‌లో పడి కుడి చేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమ చేతి వాటం. అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే దెబ్బతింది. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. బిగుతు తీగలు నొక్కడం కష్టం కాబట్టి సన్నటి తీగలు వేసుకున్నాడు, ఆ తర్వాత తీగల్ని వదులు చేశాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలకు గిటార్‌ని మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. వదులైన తీగ నెమ్మదిగా కంపిస్తుంది, శబ్దం లోతుగా వస్తుంది. నొప్పి తగ్గించుకోవడానికి చేసిన పని తర్వాతి బ్యాండ్లన్నింటికీ దారి చూపింది.

ఇది మనకు కొత్త విషయమేం కాదు. డప్పును మంట దగ్గర కాచేది ఎందుకు? చర్మం బిగుసుకుని శబ్దం ఖంగుమనాలని. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించేది ఎందుకు? బరువు పెరిగి శబ్దం కిందికి దిగాలని. బిగిస్తే పైకి, వదిలితే కిందికి. బరువు పెంచినా కిందికే. గిటార్ తీగకైనా ఇదే రూల్.

లారీ లెక్క ఇదీ

ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ నిమిషానికి 700 సార్లు తిరుగుతుంటే సిలిండర్లలో సెకనుకు 35 సార్లు ఇంధనం మండుతుంది. అంటే 35 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ మామూలుగా 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మూడు స్థానాలు దించితే దాదాపు 35. అంటే మార్కెట్ ముందు ఆగిన లారీ, డూమ్ బ్యాండ్ బేస్.. రెండూ ఇంచుమించు ఒకే శ్రుతిలో ఉన్నట్టే!

దీనికి 'ఫజ్' అనే ఎఫెక్ట్ కలుపుతారు. అది శబ్ద తరంగం కొనల్ని కోసేస్తుంది. దాంతో అసలు స్వరం పైన బోలెడు ఉపస్వరాలు పుడతాయి. పగిలిన స్పీకర్‌లా గరగరమనే ఆ మందం అక్కడి నుంచే వస్తుంది.

మరి చీకటిగా ఎందుకు అనిపిస్తుంది?

1970లో వచ్చిన బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట వాన చప్పుడు, గంట మోతతో మొదలవుతుంది. తర్వాత వచ్చే గిటార్ స్వరాల మధ్య దూరాన్ని మన లెక్కలో చెప్పాలంటే.. షడ్జమం నుంచి ప్రతి మధ్యమం వరకు. ఇదే ప్రతి మధ్యమం కల్యాణి రాగంలోనూ ఉంది. అక్కడ ఎంతో హాయిగా ఉంటుంది. అంటే భయం ఆ స్వరంలో లేదు. దాన్ని కింది స్థాయిలో, నెమ్మదిగా, మధ్యలో ఖాళీలు వదిలి వాయించడంలో ఉంది. సినిమాలో విలన్ ఎంట్రీకి ముందు వచ్చే నిశ్శబ్దం కూడా ఇలాగే పని చేస్తుంది.

ఫోన్‌లో ఏం మిస్ అవుతున్నాం?

లోతైన శబ్దం రావాలంటే స్పీకర్ చాలా గాలిని కదిలించాలి. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్‌కి ఆ శక్తి లేదు. 35 హెర్ట్జ్ అందులో దాదాపు రానే రాదు. పైన ఉన్న ఉపస్వరాల్ని బట్టి కింది స్వరం ఏంటో మన మెదడే ఊహించుకుంటుంది. అందుకే ట్యూన్ అర్థమవుతుంది, బరువు మాత్రం తెలియదు.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. బేస్ సరిపోవట్లేదని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాల్యూమ్ పెంచుతూ పోతారు. మన చెవికి లోతు శబ్దాలు తక్కువగా వినిపిస్తాయి. బేస్ సరిపోయింది అనిపించేసరికి మిగతా శబ్దాలు ప్రమాదకర స్థాయికి చేరిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు.

ఇలా వింటే బెటర్

* ఫోన్ స్పీకర్ వద్దు. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ లేదా పెద్ద స్పీకర్ వాడండి.
* బయటి శబ్దం లేని చోట వినండి. ట్రాఫిక్‌లో వింటే వాల్యూమ్ దానంతట అదే పెరుగుతుంది.
* షోకి వెళ్తే స్పీకర్లకు దూరంగా నిలబడండి, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. చెవులు మూసినా బేస్ ఛాతీకి తెలుస్తూనే ఉంటుంది.
* విన్న తర్వాత చెవిలో గుయ్యిమంటుంటే ఆపేయండి. మరుసటి రోజుకీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

బరువు కావాలంటే పెంచాల్సింది వాల్యూమ్ కాదు.. స్పీకర్ సైజు!