ఇంజనీర్లు ఎందుకు సమావేశమగుదురు?

ఫలానా నగరమున ప్రాంతీయ ఇంజనీరింగు సదస్సు జరుగుననియు, అందు నూతన సాంకేతిక విద్యలపై పత్రములు చదువబడుననియు, ఇంజనీర్ల వృత్తి నైపుణ్యము పెంపొందించుటకు తరగతులు కూడ ఉండుననియు ప్రకటనలు తరచు కనబడుచుండును. మా కళాశాలలో ఒక విద్యార్థి అట్టి ప్రకటనను నాకు చూపి, "సార్, పుస్తకములున్నవి, పత్రికలున్నవి. ఇంట కూర్చుండియే అన్నియు చదువుకొనవచ్చును గదా! వీరందరు ఇంత దూరము ప్రయాణము చేసి ఒకచోట చేరుట యెందుకు?" అని అడిగెను. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకములోనే దాగియున్నది. ఓమ్, వోల్టు, ఆంపియరు అను మూడు మాటలను నిత్యము వాడుచున్నాము. ఇవి మూడును ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు సభలలో కూర్చుండి తేల్చుకొన్న మాటలే.

మూగవోయిన తీగ

1858 ఆగస్టులో ఐర్లండునుండి న్యూఫౌండ్లాండు వరకు అట్లాంటిక్ సముద్రపు అడుగున వేసిన తంతి తీగ పనిచేయ నారంభించెను. రెండు ఖండముల ప్రజలు పండుగ చేసికొనిరి. కాని కొలది వారములలోనే ఆ తీగ మూగవోయెను. తీగ తయారీలోనే లోపములుండెను. అవి చాలవన్నట్లు, కంపెనీ విద్యుత్ నిపుణుడైన వైల్డ్‌మన్ వైట్‌హౌస్ నేటి లెక్కలో సుమారు 2000 వోల్టుల పీడనమును దానిలోనికి పంపెను. స్వల్ప ప్రవాహమును, దానిని గుర్తింపగల సున్నితమైన పరికరమును ఉన్న చాలునని గ్లాస్గో ఆచార్యుడు విలియం థామ్సన్ వాదించెను. తరువాత లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధి గాంచినవాడు ఈయనయే. వాదమును అంకెలతో తేల్చుకొందమన్న, అందరికి ఉమ్మడిగా ఉండవలసిన కొలతలే నాడు లేవు.

ఆ కాలమున బ్రిటిష్ అసోసియేషన్ అను శాస్త్రజ్ఞుల సంఘము ఏటేట ఒక్కొక్క పట్టణములో సమావేశమగుచుండెను. 1861లో మాంచెస్టరులో జరిగిన సభలో లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ అను తంతి ఇంజనీర్లిద్దరు ఒక పత్రమును సమర్పించిరి. విద్యుత్తునకు నిశ్చితమైన ప్రమాణములుండవలెననియు, వానికి ఓమ్, వోల్టా, ఫారడే వంటి శాస్త్రజ్ఞుల పేర్లను పెట్టవలెననియు వారు సూచించిరి. థామ్సన్ ప్రోద్బలమున అచ్చటనే ఒక సంఘము ఏర్పడి, విద్యుత్ నిరోధమునకు ఒక ప్రమాణమును సిద్ధపరచుటకు పూనుకొనెను.

అయితే జర్మనీలో వెర్నర్ సీమెన్స్ 1860లోనే మరియొక ప్రమాణమును ప్రతిపాదించియుండెను. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల పాదరసపు స్తంభము 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చూపు నిరోధమే ఆయన ప్రమాణము. నేటి లెక్కలో అది 0.9407 ఓములు. రెండింటికి తేడా నూటికి ఆరువంతులే గదా యని తోచవచ్చును. ఆ తేడా ఎంత పని చేయునో చూడుడు.

సముద్రములో తెగిన తీగ ఎచ్చట తెగినదో కనుగొనుటకు ఒడ్డున కూర్చుండి దాని నిరోధమును కొలుతురు. తీగ కిలోమీటరునకు 10 ఓముల నిరోధము చూపునని అనుకొందము. పరికరము 3000 చూపినచో, తెగిన చోటు 300 కిలోమీటర్ల దూరమున నున్నదని లెక్క. కాని ఆ పరికరము సీమెన్స్ ప్రమాణముతో చేసినదైనచో, 3000 అనగా 2822 ఓములు మాత్రమే. తెగినచోటు 282 కిలోమీటర్ల దూరమున నుండును. మరమ్మతు ఓడ 18 కిలోమీటర్లు దాటిపోయి, లేని లోపమునకై నడిసముద్రమున వెదకుచుండును! ఇందు కొలిచినవాని తప్పు లేదు, లెక్కవేసినవాని తప్పును లేదు. ఇద్దరును ఒకచోట కూర్చుండి మాటాడుకొనకపోవుటయే తప్పు.

సభ తేల్చినది, సభ దిద్దినది

1881లో పారిస్ నగరమున విద్యుత్ ప్రదర్శనతోపాటు అంతర్జాతీయ విద్యుత్ మహాసభ జరిగెను. థామ్సన్, సీమెన్స్, హెల్మ్‌హోల్ట్స్ మున్నగువారు హాజరైరి. సిద్ధాంతమును బ్రిటిష్ సంఘము మార్గమున గ్రహించి, దానికి రూపమును సీమెన్స్ పాదరసముతో నిచ్చుటకు సభ అంగీకరించెను. ఓమ్, వోల్టు, ఆంపియరు, కూలుంబు, ఫారడు అను పేర్లు స్థిరపడెను. ఓమునకు పాదరసపు స్తంభము ఎంత పొడవుండవలెనో కొలిచి తేల్చుటకు వేరొక సంఘమును నియమించిరి. ఆ సంఘము 1884లో 106 సెంటీమీటర్లని తేల్చెను. 1893లో చికాగో మహాసభ దానిని 106.3గా దిద్దెను. 1904లో సెయింట్ లూయీ సభలో చేసిన తీర్మానము ఫలితముగా 1906లో లండనులో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము వెలసెను. దాని ప్రథమాధ్యక్షుడు లార్డ్ కెల్వినే. నేడు ఓమునకు పాదరసముతో పని లేదు. 2019 మే 20 నుండి అది ప్రకృతి స్థిరాంకముల స్థిర విలువలపై ఆధారపడియున్నది. ఒక సభ నిర్ణయమును మరియొక సభ ప్రశ్నించి దిద్దుట ఇందు గమనింపదగిన విషయము.

నేటి ప్రాంతీయ సదస్సు

నేడు విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లకు 'ఐట్రిపులీ' అను పెద్ద సంస్థ కలదు. రెండు అమెరికా సంఘములు 1963లో ఏకమగుటచే అది ఏర్పడినది. ఆసియా, పసిఫిక్ దేశములు దానిలో పదవ ప్రాంతము. ఈ ప్రాంతపు సదస్సునకు 'టెన్‌కాన్' అని పేరు. అది దేశదేశములు తిరుగుచు 2003లో బెంగుళూరులోను, 2008లో హైదరాబాదులోను, 2019లో కొచ్చిలోను జరిగినది. విదేశములకు పోలేని స్థానిక ఇంజనీర్లకు, విద్యార్థులకు సభయే దగ్గరకు వచ్చుట ప్రాంతీయ సదస్సువలన కలుగు మొదటి లాభము.

మంచి సదస్సులో పత్రమును ముందుగా ఆ విషయమెరిగిన పరిశీలకులు చదువుదురు. లోపములను చూపుదురు, కొన్నిటిని త్రోసిపుచ్చుదురు. నెగ్గిన పత్రమును రచయిత సభలో కొద్ది నిమిషములు వివరించును. అటుపిమ్మట ప్రశ్నలు మొదలగును. "ఎన్ని పర్యాయములు కొలిచితిరి? ఏ ఉష్ణోగ్రత వద్ద? ఎండకాలమున మా ఊరిలో ఇది పనిచేయునా?" ఈ ప్రశ్నలు ముద్రిత పుస్తకమును అడిగిన బదులు రాదు. మా విద్యార్థి ప్రశ్నకు ఇదియే సమాధానము.

మిద్దెపై సౌర ఫలకములు

వృత్తిలోనున్న ఇంజనీరునకు మరల తరగతులెందుకు? ఒక ఉదాహరణము చెప్పెదను. మన ఊళ్లలో మిద్దెలపై సౌర ఫలకములు కనబడుచున్నవి. వాని విద్యుత్తును ఇన్వర్టరు వీధిలోని లైనునకు అందించును. లైన్ క్లియర్ తీసికొని లైన్‌మన్ స్తంభమెక్కినాడనుకొనుడు. సబ్‌స్టేషను నుండి కరెంటు ఆగినది. కాని మిద్దెపై నుండి కరెంటు లైనులోనికి వచ్చుచునే యున్నచో అతని ప్రాణమునకే ముప్పు. కావున లైను ఒంటరియైనచో రెండు సెకనులలోపల ఇన్వర్టరు విడిపోవలెనని ఐట్రిపులీ 2003లో వెలువరించిన 1547వ ప్రమాణము విధించినది. లైనులో ఒడుదుడుకులు కలిగినపుడు కూడ త్వరగా విడిపోవుటయే నాటి పద్ధతి.

ఫలకములు పదియో ఇరువదియో ఉన్నప్పుడు ఇది చక్కని పద్ధతి. లక్షల సంఖ్యలో ఉన్నచో? జర్మనీలో పౌనఃపున్యము 50.2 హెర్ట్‌జులకు చేరగనే సౌర యంత్రములు విడిపోవలెనను నియమముండెను. అన్నియు ఒకే క్షణమున విడిపోయినచో దేశమంతటి విద్యుత్ వ్యవస్థయే తలక్రిందులగునని నిపుణులు గ్రహించిరి. 2012లో ప్రభుత్వ శాసనముచే పాత యంత్రముల అమరికలను మార్పించ నారంభించిరి. 1547వ ప్రమాణమును కూడ 2018లో సవరించిరి. చిన్న ఒడుదుడుకులకు విడిపోక నిలిచియుండవలెనని అందు చేర్చిరి. లైను ఒంటరియైనచో విడిపోవలెనను రక్షణ మాత్రము అట్లే యున్నది.

2003లో నేర్చుకొన్న పాఠము తప్పు కాదు. కాని అది ఒక్కటే చాలదు. పట్టము పుచ్చుకొన్న నాటి చదువుతోనే పదునైదేండ్లు గడిపిన ఇంజనీరు, తాను క్షేమకరమని నమ్మి చేసిన పనితోనే ఆపద తెచ్చిపెట్టవచ్చును. సదస్సులలో పత్రములతోపాటు శిక్షణ తరగతులు పెట్టుట ఇందుకే.

ఒక హెచ్చరిక కూడ అవసరము. సదస్సని పేరు పెట్టుకొన్నవన్నియు సదస్సులు కావు. పత్రము పంపిన మరునాడే అంగీకార పత్రమును, దానితోపాటు రుసుము చీటిని పంపు సభలు నేడు కొన్ని బయలుదేరినవి. ప్రశ్నించువారు లేని చోట నేర్చుకొనునదియు లేదు. "మా పత్రమును చదువువారెవరు? లోపములను చూపుదురా?" అని విద్యార్థులు ముందుగా విచారింపవలెను.

ఉపాధ్యాయులు కోరినచో తమ తరగతిలోనే ఒక చిన్న సదస్సును జరుపవచ్చును. ఒకే చుట్టనుండి మీటరు పొడవున నిక్రోము తీగ ముక్కలు కోసి అయిదారు జట్లకు పంచి, నిరోధమును కొలువుమనుడు. ఫలితములు ఒక్కటిగా రావు. ఏ జట్టు ఎట్లు కొలిచినదో నల్లబల్ల యొద్ద చెప్పించి, తక్కినవారిచే ప్రశ్నలు వేయింపుడు. ఒకరు చివరల బిగింపు వదులుగానున్నదని కనుగొందురు. మరియొకరు తీగ వేడెక్కినదందురు. మరల కొలిచినపుడు అంకెలు దగ్గరపడును. మాంచెస్టరులోను, పారిస్‌లోను పెద్దలు చేసినదియు ఈ పనియే.