కులాన్ని విస్మరించిన హక్కు సగం హక్కే

1871 నాటి నేరస్థ తెగల చట్టంలో మొదటి భాగం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. రెండో భాగం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులోకి ఎక్కించింది. మొదటి భాగపు వారసత్వం ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో నిర్బంధించింది. రెండో దాని పోలికలోనే 1919లో నిజాం రాజ్యం నపుంసకుల చట్టాన్ని చేసింది. స్త్రీ దుస్తులు ధరించి వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారంటు లేకుండానే అరెస్టు చేసే అధికారాన్ని అది పోలీసులకిచ్చింది. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. నిజాం చట్టం మాత్రం 2023 జూలై వరకు బతికే ఉంది. ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారుల వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. విద్య, ఉద్యోగాలలో రిజర్వేషన్ కల్పించాలనీ ఆదేశించింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులుగా పరిగణించాలని 2014లో నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను బీసీ జాబితాలో చేర్చడానికే పరిమితం చేస్తే దళిత ట్రాన్స్ మహిళ పరిస్థితి ఏమిటి? ఎస్సీ హక్కునో, ట్రాన్స్ హక్కునో ఏదో ఒకటి వదులుకోవాలి. ఆమె అనుభవించే వివక్షలు రెండు; రాజ్యం గుర్తించేది ఒక్కదానినే. అందుకే తమిళనాడులో గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారులు మహిళలకు, వికలాంగులకు ఉన్నట్లే ప్రతి సామాజిక వర్గంలోనూ వాటా దక్కే సమాంతర రిజర్వేషన్ కోరుతున్నారు. కర్ణాటకలో న్యాయవాదులు ఈ వాదనను హైకోర్టులో నిలబెట్టగా, 2021లో ఆ ప్రభుత్వం నియామక నిబంధనలు సవరించి అన్ని వర్గాలలోనూ ఒక శాతం కేటాయించింది.

తీర్పుతో న్యాయవాది పని ముగియదు. ఇల్లు విడిచి వచ్చిన ట్రాన్స్ వ్యక్తికి కుల ధ్రువపత్రం తెచ్చుకోవడమే గండం. తల్లిదండ్రుల పత్రాలు లేవంటే తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు కదలదు. అక్కడా, ఫిర్యాదు తీసుకోని పోలీసు స్టేషనులోనూ వెంట నిలబడేందుకు ఒకరు కావాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, న్యాయ కళాశాలల విద్యార్థులు ఈ బాధ్యతను స్వీకరించాలి.

అంబేడ్కర్‌వాదులకు ఇది పరాయి దారి కాదు. లైంగిక విషయాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చినందుకు ‘సమాజ్ స్వాస్థ్య’ సంపాదకుడు ఆర్.డి. కర్వేపై అశ్లీలత కేసు పెడితే, 1934లో ఆయన పక్షాన వాదించిన న్యాయవాది అంబేడ్కరే. ఆ కేసు ఓడిపోయింది, వాదన ఓడలేదు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల ముందు ఉంచవలసిన డిమాండు స్పష్టం: ట్రాన్స్‌జెండర్ రిజర్వేషన్ సమాంతరంగానే ఉండాలి. దానికోసం దళిత, బహుజన సంఘాలు ముందు నిలవాలి.