పరుల పేరిట సరకు చేయు కంపెనీ షేర్లు: కొనుటకు ముందు చూడదగినవి

షోలాపూరు, భివండి, సేలము మొదలగు చోట్ల మన కుటుంబములలోని యువకులు కొందరు మిగులు సొమ్మును షేర్లలో పెట్టుచున్నారు. ఇతర కంపెనీల పేరిట టెలివిజన్లు, సెల్‌ఫోన్లు చేసి ఇచ్చు కంపెనీలపై వారికి మోజు హెచ్చు. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ వ్యాపారము మనకు క్రొత్త కాదు. షావుకారు డిజైను ఇచ్చును. మనము నేసి మజూరీ పుచ్చుకొందుము. చీరపై పేరు ఆయనదే. 1993లో స్థాపింపబడిన డిక్సన్ టెక్నాలజీస్ చేయునదియు చాలవరకు ఇదియే. దీనికి తిరుపతిలోను ఫ్యాక్టరీ కలదు. 2017 సెప్టెంబరులో షేరు 1,766 రూపాయల చొప్పున ప్రజలకు విక్రయించినది. 2021లో ఒక్కొక్క షేరును ఐదుగా విభజించినది. కావున నాటి ధరను ఐదుతో భాగించియే నేటి ధరతో పోల్చవలెను.

మొదట చూడవలసినది అమ్మకము కాదు, మిగులు. 2023-24లో ఈ కంపెనీ అమ్మకములు సుమారు 17,690 కోట్ల రూపాయలు. పన్నులు పోగా లాభము సుమారు 375 కోట్లు. అనగా రూపాయికి రెండు పైసలు! విడిభాగముల ఖరీదు అమ్మకములో కలియుటయే ఇందుకు కారణము. పట్టుచీర వెలలో పట్టు, జరీల ఖరీదు పోగా నేతకు దక్కునది ఎంతో మనకు తెలియనిది కాదు. ఆ రెండు పైసలలో ఒక పైస తగ్గినచో లాభము సగమగును.

అయినను కొద్ది లాభము దోషము కాదు. పెట్టుబడి ఏటికి పదిసార్లు తిరిగినచో రెండు పైసలే ఇరువది యగును. కావున సరకు ఎన్ని దినములు నిలువ యున్నదో, బాకీ ఎన్నాళ్లకు వసూలగుచున్నదో వార్షిక నివేదికలో చూడుడు.

రెండవది, ఖాతాదారులు. ఒకరిద్దరు పెద్ద ఖాతాదారులపైననే పని ఆధారపడినచో, వారు వేరొకరికి పని ఇచ్చిననాడు యంత్రములు ఊరకుండును. స్వంత డిజైను గల పనిలో మిగులు హెచ్చు, బేరమాడు శక్తియు హెచ్చు.

మూడవది, ప్రభుత్వ ప్రోత్సాహకము. 2020లో సెల్‌ఫోన్ల తయారీకై కేంద్రము ప్రకటించిన పథకము గడువు గలది. రిబేటు ఆగగానే చీరలు గోదాములో నిలిచిన సంఘములను మనమెరుగుదుము. ప్రోత్సాహకము తీసివేసి లాభము లెక్కింపుడు.

కడపట ధర. షేరు ధరను షేరుకు వచ్చు ఏడాది లాభముతో భాగింపుడు. నూరు వచ్చినచో, లాభము పెరుగనియెడల అసలు రాబట్టుటకు నూరేండ్లు పట్టునన్నమాట. మంచి కంపెనీయైనను మించిన ధరకు కొన్నచో నష్టమే.

కొనుడనిగాని, మానుడనిగాని మేము చెప్పుట లేదు. నూలుకై ఉంచిన సొమ్మును, అప్పు తెచ్చిన సొమ్మును మాత్రము ఇందు పెట్టరాదు.