మీకు తెలుసా? దాత రక్తంలో దాక్కునే పిడుదు క్రిమి

● అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, విస్కాన్సిన్, మిన్నెసోటాల్లోనూ ఒక రకం పిడుదు కుడితే ‘బబేసియా మైక్రోటి’ అనే పరాన్నజీవి ఒంట్లోకి చేరుతుంది. పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. అందుకే కుట్టిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

● మలేరియా క్రిమిలాగే ఇదీ ఎర్ర రక్తకణాల్లో చేరి పెరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. అలాంటివారు మంచి మనసుతో రక్తమిస్తే, క్రిమి కూడా వెంట వెళ్తుంది. రక్తాన్ని ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంచినా చావదు.

● నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు, వృద్ధులకు, ప్లీహం తీసేసినవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు.

● దాత రక్తాన్ని పరీక్షించేటప్పుడు హెచ్‌ఐవీని ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో వెతుకుతారు. బబేసియా కణం లోపల ఉంటుంది కనుక ముందు ఎర్రకణాలను పగలగొట్టి, ఆ తర్వాత దాని జన్యుపదార్థం కోసం గాలిస్తారు.

● 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 89,153 రక్తదాన నమూనాలను పరీక్షిస్తే 335 పాజిటివ్‌గా తేలాయి.

● 2019 మేలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 14 రాష్ట్రాల్లోనూ వాషింగ్టన్ డీసీలోనూ సేకరించే రక్తానికి ఈ పరీక్ష చేయాలని సూచించింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ కూడా ఆ జాబితాలో ఉంది. పాజిటివ్ వచ్చిన దాత కనీసం రెండేళ్లు రక్తం ఇవ్వకూడదు.

● అక్కడ రక్తదానానికి వెళ్లే తెలుగువారు, గతంలో ఈ క్రిమి వల్ల కలిగే జబ్బు ‘బబేసియోసిస్’ వచ్చి ఉంటే ఆ మాట సిబ్బందికి ముందే చెప్పాలి. దాంతో ఒక రోగి ప్రాణం నిలబడవచ్చు.